కీటక శాస్త్రజ్ఞుడు ఫాబరు

శాస్త్రజ్ఞుడనగానే విశాలమైన ప్రయోగశాలయు, విలువగల యంత్రములును, పలువురు సహాయకులును తలపునకు వచ్చుట సహజము. జీన్ హెన్రీ ఫాబరునకు ఇవి యేవియు లేకుండెను. చిన్న బల్ల యొకటి, భూతద్దమొకటి, ఇనుపతీగలతో అల్లిన మూతలు కొన్ని, రాళ్లతో నిండిన బీడుభూమి యొకటి - ఇవియే ఆయన ప్రయోగశాల. ఇంటిలోని పిల్లలే ఆయనకు సహాయకులు. అయినను కీటకముల జీవితమును గూర్చి ఆయన కనిపెట్టిన విషయములు ప్రపంచమునంతను ఆశ్చర్యపరచినవి. చీకటిరాత్రియందు ఒక ఆడు రెక్కలపురుగు ఎంతో దూరముననున్న మగపురుగులను తన యొద్దకు ఎట్లు రప్పించుకొనును అను ప్రశ్నకు సమాధానమును వెదకుటలో ఆయన చూపిన ఓర్పు మిక్కిలి ప్రసిద్ధమైనది.

ఫాబరు 1823వ సంవత్సరము డిసెంబరు మాసమున ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమునందు, అవేరోన్ మండలములోని సెయింట్ లియోన్సు అను చిన్న గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు పేదవారు. ఇంట తినుటకు చాలినంత లేనందున బాలుని పసితనమున తాతగారి యింటికి పంపిరి. తాత కొండప్రాంతమున సేద్యము చేసికొను రైతు. పశువులు, గొఱ్ఱెలు, పచ్చికబీళ్లు - ఇవి తప్ప అచట వేఱు ప్రపంచము లేదు. ఆ యింట పుస్తకముల ప్రసక్తియే లేదు. కాని మిడుత రెక్కలను, పేడపురుగు మెఱుపును, సీతాకోకచిలుక రంగులను గంటలకొలది చూచుచు ఆ బాలుడు ప్రకృతి యను పుస్తకమును చదువ మొదలిడెను. ఏడవ యేట స్వగ్రామమునకు తిరిగివచ్చి బడిలో చేరెను. ఆ బడిగదియే ఉపాధ్యాయునకు వంటయిల్లు, పడకటిల్లు కూడ. కోళ్లును, పందిపిల్లలును తలుపు త్రోసికొని పాఠముల నడుమ లోనికి వచ్చుచుండెడివి.

తండ్రి బ్రతుకుతెరువునకై ఊరూర తిరిగి కాఫీదుకాణములు పెట్టెను. ఒక్కచోటను వ్యాపారము సాగలేదు. అందుచే కుమారుని చదువు పలుమార్లు ఆగిపోయెను. కొంతకాలము ఫాబరు సంతలో నిమ్మకాయలమ్మెను. కొంతకాలము రైలుదారి వేయు కూలీలతో కలిసి పనిచేసెను. ఆకలిదప్పుల నడుమను చదువుపై ఆశ విడువలేదు. తుదకు అవిన్యోన్ నగరములోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ప్రవేశపరీక్షలో నెగ్గి, విద్యార్థివేతనము సంపాదించి, అందు చేరెను.

1842వ సంవత్సరమున, పందొమ్మిదేండ్లు నిండకముందే, ఆయన కార్పాంత్రా పట్టణమున ఉపాధ్యాయుడయ్యెను. జీతము ఏడాదికి 700 ఫ్రాంకులు. పగలు పిల్లలకు పాఠము చెప్పుట, రాత్రి తనకు తానే గురువగుట - ఇది ఆయన దినచర్య. గణితమును, భౌతిక రసాయన శాస్త్రములను ఒరుల సాయము లేకయే నేర్చి, ఒక్కొక్క పట్టమునే పుచ్చుకొనెను. 1849వ సంవత్సరమున కార్సికా ద్వీపములోని అజాక్సియో నగరమునకు భౌతికశాస్త్రోపాధ్యాయుడుగా పోయెను. అచట మోకెన్ టాండన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞునితో స్నేహము కలిగెను. ఆయన ఒకనాడు కుట్టుపని పెట్టెలోని కత్తెరను, సూదులను తీసికొని, పళ్లెములో నీరు పోసి, ఒక నత్తను కోసి, దాని లోపలి భాగములను ఫాబరునకు చూపెను. గణితమును విడిచి జీవశాస్త్రమును చేపట్టుమని ప్రోత్సహించెను. గొప్ప పరికరములు లేకున్నను గొప్ప విషయములు తెలిసికొనవచ్చునని ఫాబరు ఆనాడే గ్రహించెను.

1853వ సంవత్సరమున ఆయన అవిన్యోన్ నగరమునకు ఉపాధ్యాయుడుగా తిరిగివచ్చెను. ఒక జాతి వేటకందిరీగ తన పిల్లలకొరకు పెంకుపురుగులను పట్టి గూటిలో దాచును. అవి ఎన్నాళ్లున్నను కుళ్లవు. కందిరీగ వానిని చంపి, కుళ్లకుండ ఏదో మందు ఎక్కించుచున్నదని అప్పటి శాస్త్రజ్ఞులు తలచుచుండిరి. ఫాబరు ఎండలో నేలపై పడుకొని, గంటలకొలది కనిపెట్టి చూచి, ఆ పురుగులు చచ్చినవి కావనియు, కందిరీగ వాని నాడీకేంద్రమున కుట్టి కదలకుండ చేయుచున్నదనియు రుజువు చేసెను. 1855లో వెలువడిన ఈ పరిశోధనకు మరుసటి యేడు ఫ్రెంచి విద్వత్పరిషత్తు బహుమతి నొసగెను. ఇంగ్లండులో డార్విను మహాశయుడు ఫాబరును సాటిలేని పరిశీలకుడని తన గ్రంథమున ప్రశంసించెను. ఫాబరు డార్విను పరిణామసిద్ధాంతమును అంగీకరింపలేదు. అయినను ఇరువురును పరస్పరము గౌరవించుకొనుచు ఉత్తరములు వ్రాసికొనిరి.

1865వ సంవత్సరమునాటికి ఫ్రాన్సులో పట్టుపురుగులకు గొప్ప తెగులు వ్యాపించియుండెను. పట్టుపరిశ్రమయే నాశనమగునట్లుండెను. తెగులునకు కారణము కనుగొనుటకై ప్రభుత్వము పాశ్చరును నియోగించెను. పాశ్చరు అవిన్యోనునకు వచ్చి ఫాబరు నింటికి పోయెను. ఆయన రసాయనశాస్త్రమున దిట్టయే కాని పట్టుకాయను అంతకుముందు చేతబట్టి యెఱుగడు. కాయను చెవియొద్ద పెట్టి ఊపి చూచి, లోపల ఏదో యున్నదని ఆశ్చర్యపడెను. లోపలనున్నది ప్యూపా యనియు, గొంగళిపురుగు అట్లు మాఱి పిదప రెక్కలపురుగగుననియు ఫాబరు ఆయనకు వివరించెను. ఏమియు తెలియక వచ్చిన పాశ్చరే కొన్ని సంవత్సరములలో ఆ తెగులునకు నివారణమార్గము కనుగొనెను. పుస్తకములలోని అభిప్రాయములను మనస్సున నింపుకొనక, తెలియనివానివలె కీటకమునే ప్రశ్నింపవలెనని ఫాబరు ఈ సంఘటనమునుండి నేర్చుకొనెను.

పేదఱికము మాత్రము ఫాబరును విడువలేదు. సంసారము పెద్దది, జీతము చిన్నది. మంజిష్ఠజాతి మొక్కవేళ్లనుండి స్వచ్ఛమైన ఎఱ్ఱరంగును తీయు పద్ధతిని ఆయన ఏండ్లతరబడి శ్రమించి కనిపెట్టెను. దానివలన కష్టములు తీరునని ఆశించెను. ఇంతలో జర్మనీలోని రసాయనజ్ఞులు అలిజరిన్ అను ఆ రంగును కృత్రిమముగ తయారుచేసిరి. వేళ్లనుండి తీయు రంగునకు గిరాకి పోయెను; ఫాబరు శ్రమయంతయు వృథాయయ్యెను.

అంతకంటె పెద్ద కష్టమొకటి వచ్చెను. అప్పటి విద్యామంత్రి డ్యురుయి ఫాబరును పారిసునకు పిలిపించి, లీజియన్ ఆఫ్ ఆనర్ అను గౌరవచిహ్నమును ఇప్పించెను. పాఠశాలలకు దూరముగ నున్నవారికి సాయంకాలపు తరగతులు జరుపవలెనని ఈ మంత్రి తలపెట్టగా, ఫాబరు అవిన్యోనులో అట్టి తరగతులను ఉచితముగ నడపెను. బాలికలును వానికి వచ్చుచుండిరి. పువ్వు కాయగా మాఱుటయందు పుప్పొడి చేయు పనిని ఆయన వారికి వివరించెను. ఆడపిల్లలకు ఇట్టి విషయములు చెప్పవచ్చునా యని ఊరిలోని ఛాందసులు అల్లరి చేసిరి. ఇంటి యజమానులు ఇల్లు ఖాళీ చేయుమనిరి. ఉద్యోగము వదలుకొని, భార్యాబిడ్డలతో ఎక్కడికి పోవలెనో తెలియని స్థితి కలిగెను. ఆ సమయమున అవిన్యోనులో నివసించుచుండిన ఆంగ్లతత్త్వవేత్త జాన్ స్టువర్టు మిల్లు 3,000 ఫ్రాంకులు అప్పిచ్చి ఆదుకొనెను. ఫాబరు 1870వ సంవత్సర ప్రాంతమున ఆరెంజి పట్టణమునకు తరలిపోయి, పిల్లలకు పనికివచ్చు శాస్త్రపుస్తకములను వ్రాసి, ఆ రాబడితో కుటుంబమును పోషించి, మిల్లుగారి ఋణమును తీర్చివేసెను. 1877లో పదునాఱేండ్ల కుమారుడు జ్యూల్ మరణించెను. పురుగులను, పువ్వులను గూర్చి తండ్రికున్న ప్రేమను పంచుకొన్నవాడు ఆ బాలుడే. ఆ దుఃఖము ఫాబరును క్రుంగదీసెను.

1879వ సంవత్సరమున, ఏబదియైదేండ్ల వయస్సున, ఆయన చిరకాలపు కోరిక నెరవేరెను. సెరిన్యాన్ అను పల్లెయందు ఒక ఇల్లును, దాని చుట్టునున్న సుమారు రెండున్నర యెకరముల భూమిని కొనెను. అది రాళ్లును, ముండ్లపొదలును తప్ప పంటకు పనికిరానిది. అట్టి బీడును ఆ ప్రాంతపు భాషలో హార్మాస్ అందురు. రైతులు వదలిన ఆ నేల కీటకములకు స్వర్గము. ఫాబరు తక్కిన జీవితమునంతయు అచటనే గడపెను. కీటకములను గూర్చిన తన అనుభవములను పది సంపుటములుగ వ్రాసెను. మొదటిది 1879లోను, పదియవది 1907లోను వెలువడినవి. రెక్కలపురుగుల కథ ఏడవ సంపుటమున నున్నది.

ఐరోపాలోని రెక్కలపురుగులలో అన్నిటికంటె పెద్దదానిని ఫ్రెంచివారు పెద్దనెమలి యని పిలుతురు. దాని రెక్కలమీద నెమలికన్నులవంటి మచ్చలుండును. మహాదేవపూర్ ప్రాంతమున దసలిపట్టునిచ్చు పురుగును ఈ కుటుంబములోనిదే. ఇది గొంగళిపురుగుగ నున్నపుడు బాదము మొదలగు చెట్ల ఆకులను తినును. రెక్కలు వచ్చిన పిదప ఏమియు తినదు. కొన్ని దినములు మాత్రమే బ్రతుకును. ఆ కొన్ని దినములలో జతను వెదకికొని, గ్రుడ్లు పెట్టి, మరణించును.

ఒక మే నెల 6వ తేది ఉదయమున ఫాబరు బల్లమీదనున్న పట్టుకాయనుండి ఆడు పెద్దనెమలి యొకటి వెలువడెను. ఆయన దానిని తీగలమూత క్రింద నుంచెను. ప్రత్యేకముగ ఏ ఉద్దేశమును లేదు. రాత్రి తొమ్మిది గంటల సమయమున చిన్నకుమారుడు పాల్ తన గదిలో గంతులు వేయుచు తండ్రిని కేకలువేసి పిలిచెను. గదినిండ పక్షులంతేసి రెక్కలపురుగులు తిరుగుచుండెను. ఫాబరు కొవ్వొత్తి వెలిగించుకొని ఆడుపురుగున్న గదిలోనికి పోయి చూచెను. మగపురుగులు దాని మూతచుట్టును తిరుగుచు, మిద్దెకు తగులుచు, కొవ్వొత్తిని ఆర్పుచు, మనుష్యుల భుజములపై వ్రాలుచుండెను. వంటయింటిలోనికి సైతము కొన్ని చేరెను. ఆనాడు వచ్చినవి నలువది. ఎనిమిది రాత్రులలో మొత్తము నూటయేబది వచ్చెను. ఆ ప్రాంతమున ఆ పురుగులు అరుదు. బాదముచెట్లు అచట విరివిగ లేవు. కాబట్టి అవి చాలదూరమునుండి వచ్చియుండవలెను. మబ్బు పట్టిన కటికచీకటిలో, దట్టమైన చెట్లగుబుర్లగుండ, రెక్క చినుగకుండ అవి నేరుగ ఆ గదికి ఎట్లు రాగలిగినవి?

ఫాబరు ఈ ప్రశ్నను పట్టుకొని కొన్ని సంవత్సరములు విడువలేదు. చలికాలమున చెట్లమొదళ్లను గాలించి కాయలు సేకరించుట, వేసవిరాక ముందే అవి పగులుటకై ఎదురుచూచుట, పగిలిన రాత్రులలో మేలుకొని ప్రయోగములు చేయుట - ఇది ఆయన పని. కంటిచూపు కారణము కాజాలదు. అంత దూరము, అంత చీకటి, నడుమ గోడలు. శబ్దమును కాదు, ఆడుపురుగు కదలక మెదలక కూర్చుండును. మగపురుగు తలపైనున్న ఈకలవంటి మీసములే కారణమేమో యని వానిని కత్తిరించి చూచెను. కత్తిరింపబడినవి మరునాడు రాలేదనవచ్చును. కాని కత్తిరింపనివానికి గుర్తు పెట్టి విడువగా అవియును చాలవఱకు తిరిగిరాలేదు. వాని జీవితమే అంత కొద్దిది. అందుచే ఈ ప్రయోగమువలన ఏమియు తేలలేదని ఫాబరు ఒప్పుకొనెను.

పిదప ఆడుపురుగును డబ్బాలలో నుంచి చూచెను. రేకుదైనను, కొయ్యదైనను, అట్టదైనను, మూత గట్టిగ బిగించిన డబ్బాయొద్దకు ఒక్క మగపురుగును రాలేదు. మూత కొంచెము వదులైనచో చాలును. పెట్టెను బీరువాలో దాచినను మగపురుగులు బీరువా తలుపును వచ్చి తట్టెను. ఏదో యొకటి ఆ సందునుండి వెలికి వచ్చుచున్నది. అది వాసనయా? ఫాబరునకు గాని, చురుకైన ముక్కుగల ఆయన పిల్లలకు గాని ఆ పురుగునందు ఏ వాసనయు తోచలేదు. బలమైన వేఱొక వాసనచే దానిని కప్పివేయవచ్చునేమో యని గదిలో నాఫ్తలీను నుంచెను. మగపురుగులు ఆ ఘాటును లెక్కచేయక వచ్చెను.

ఇంకొక జాతి పురుగు ఆయనకు దారి చూపెను. ఇంటికి కూరలు తెచ్చు ఏడేండ్ల బాలుడు ఒకనాడు ఒక పట్టుకాయను తెచ్చి యిచ్చెను. అందుండి ఓక్ చెట్ల ఆకులు తిను జాతిలోని ఆడుపురుగు వెలువడెను. ఇరువదియేండ్లుగ ఆ ప్రాంతమున ఫాబరు ఆ జాతిని చూచి యెఱుగడు. అయినను మూడవనాటి మధ్యాహ్నము, మండుటెండలో, అరువది మగపురుగులు వచ్చెను. కాని పొరపాటున అదే మూతక్రింద నుంచిన గొల్లభామ యొకటి ఆ ఆడుపురుగును తినివేసెను. మరల అట్టి కాయ దొరకుటకు ఫాబరు మూడేండ్లు వేచియుండవలసివచ్చెను.

ఈసారి ఆయన ఆడుపురుగును రాత్రియంతయు తీగలమూత క్రింద నుంచి, మరునాడు దానిని తీసి, కిటికీయొద్ద గాజుమూతలో పెట్టెను. లోనికి వచ్చు ప్రతి మగపురుగునకు అది స్పష్టముగ కనబడును. ఖాళీయైన తీగలమూతను గది చివర చీకటిమూల నుంచెను. మగపురుగులు కిటికీలోనుండి వచ్చి, కంటియెదుటనున్న ఆడుపురుగును దాటిపోయి, ఖాళీమూతపై వ్రాలి, సాయంకాలము వఱకు అచటనే తిరుగుచుండెను. ఆడుపురుగు కూర్చున్న ఓక్ రెమ్మను తీసి కుర్చీపై నుంచగా కుర్చీకడకు పోయెను. దూది, ఉన్నిగుడ్డ, కొయ్య, చలువరాయి, లోహము - ఆడుపురుగు కొంతసేపు తాకిన వస్తువేదైనను కొంతకాలము ఆ ఆకర్షణ నిలిచెను. ఇఱుకుమెడగల గాజుబుడ్డిలో ఆ రెమ్మ నుంచగా మగపురుగులు లోనికి దూరి, వెలికి రాలేక చిక్కుకొనెను. లావెండరు తైలము, కిరసనాయిలు, కుళ్లిన గ్రుడ్ల కంపుగల ద్రవము - ఇవన్నియు చుట్టు నుంచినను మగపురుగులు దారి తప్పలేదు.

మనుష్యుని ముక్కునకు అందని ఒక వాసనయే ఈ పిలుపు అని ఫాబరు నిర్ణయించెను. కాని ఒక సందేహము ఆయనను బాధించెను. అంత చిన్న పురుగునుండి వెలువడు పదార్థము అంత దేశమును ఎట్లు నింపగలదు? పదార్థముగాక, కాంతివలె వ్యాపించు తరంగమేదైన ఉండునేమో యని ఆయన ఊహించెను. ఊహను ఊహగనే చెప్పి, రుజువైనదానిని రుజువైనదానివలె చెప్పి, తక్కినదానిని రాబోవు వారికి విడిచిపెట్టెను. 1915వ సంవత్సరము అక్టోబరు 11వ తేదిన, తొంబదియొకటవ యేట, హార్మాసునందే ఆయన కన్నుమూసెను.

ఆయన విడిచిన ప్రశ్నకు 1959లో సమాధానము లభించెను. జర్మనీలో బుటెనాండ్ట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఇరువదియేండ్లు కృషిచేసి, సుమారు అయిదులక్షల ఆడు పట్టుపురుగుల గ్రంథులనుండి కొన్ని మిల్లీగ్రాముల పదార్థమును వేఱుచేసిరి. దానికి బాంబికాల్ అని పేరిడిరి. ఫాబరు శంకించిన తరంగము కాదు. ఆయన ముందుగ నిర్ణయించిన వాసనయే నిజమైనది. ఒక ప్రాణి వెలువరింపగా అదే జాతిలోని వేఱొక ప్రాణిపై పనిచేయు ఇట్టి పదార్థములకు ఆ సంవత్సరముననే ఫెరోమోనులని పేరు వచ్చెను.

ఈ వాసనను పురుగు ఎట్లు తయారుచేయును? ఆడుపురుగు పొట్టచివర, ఎనిమిదవ తొమ్మిదవ ఖండముల నడుమ, మెత్తని చర్మపు ముడుతయందు ఒక గ్రంథి కలదు. వాసనకు ముడిసరకు క్రొవ్వు. గ్రంథిలోని కణములు రెండేసి కార్బను పరమాణువులుగల ముక్కలను దండవలె గ్రుచ్చి, పదునాఱు కార్బనుల గొలుసును కూర్చును. ఇదియే పామిటిక్ ఆమ్లము. మనము వాడు నేతియందును నూనెలయందును ఉండు సామాన్యపదార్థమే ఇది. జీవకణములలో రసాయనక్రియలను జరిపించు ఎంజైములు అను మాంసకృత్తులు కలవు. వానిలో నొకటి ఈ గొలుసునుండి పదునొకండవ కార్బనుకడ రెండు హైడ్రొజను పరమాణువులను తీసివేయును. అచట జంటబంధమేర్పడి గొలుసు వంగును. అదే ఎంజైము మరల ఇంకొక రెండు హైడ్రొజనులను తీసివేయగా, పది, పండ్రెండు స్థానములయందు రెండు జంటబంధములు నిలుచును. తుదకు వేఱొక ఎంజైము గొలుసు కొననున్న ఆమ్లమును ఆల్కహాలుగ మార్చును. అంతటితో బాంబికాల్ సిద్ధమగును.

తక్కిన జాతులును ఇట్టి కొద్ది ఎంజైములతోనే పనిచేయును. కొన్ని గొలుసును రెండు కార్బనులమేర తగ్గించును; కొన్ని జంటబంధమును వేఱుచోట పెట్టును; కొన్ని ఆల్కహాలును ఎసిటేటుగనో ఆల్డిహైడుగనో మార్చును. అట్టి రెండు మూడు పదార్థములను ఏదో యొక పాలులో కలుపును. బియ్యము, మినుములు అను రెంటితోనే గృహిణి ఇడ్లీని, దోసెను వేర్వేఱుగ చేయునట్లు, ఒకే క్రొవ్వునుండి ఒక్కొక్క జాతి తనదైన వాసనను చేసికొనును. అందుచేతనే ఒక జాతి పిలుపునకు వేఱొక జాతి సామాన్యముగ రాదు.

ఈ తయారీ ఎల్లవేళల జరుగదు. దానికి తగిన వేళ రాగానే పురుగు తలలోని నాడీకేంద్రమునుండి ఒక చిన్న హార్మోను రక్తమున కలిసి గ్రంథిని చేరును. దీనిని 1980 తరువాతి సంవత్సరములలో కనుగొనిరి. ఇది 33 అమైనో ఆమ్లముల గొలుసు. పట్టుపురుగునందు ఈ ఆజ్ఞ అందగానే గ్రంథికణములలో బిందువులుగ నిలువయున్న క్రొవ్వు కరగి వాసనగ మాఱును. రెక్కలు వచ్చిన పిదప ఏమియు తినని పురుగునకు ఆ క్రొవ్వు ఎచటనుండి వచ్చెను? గొంగళిపురుగుగ నున్ననాడు తిన్న ఆకులనుండియే. బాల్యమున దాచుకొన్నదానిని కొద్దికొద్దిగ ఖర్చుచేసి అది తన జతను పిలుచుకొనును.

ఫాబరు చూచిన వింతలన్నియు దీనితో విడిపోవును. ఈ పదార్థము నూనెవంటిది, త్వరగ ఆవిరికాదు, అందుచే రెమ్మను, గుడ్డను అంటియుండును. మగపురుగు మీసములలో ఈ అణువునకు మాత్రమే సరిపోవు గ్రాహకములు ఉండుటచే నాఫ్తలీను గాని లావెండరు గాని దానిని మోసగింపలేదు. ఒక్క అణువు తాకినను ఆ మీసపు నాడియందు సంకేతము పుట్టును. వాసన దేశమునంతను నింపనక్కరలేదు. గాలిలో సన్నని పాయలుగ తేలిపోవును. పాయ తగిలినపుడు మగపురుగు గాలికెదురుగ ఎగురును. తప్పిపోయినపుడు అటునిటు తిరిగి మరల దానిని పట్టుకొనును.

నేడు తెలుగుదేశమున ప్రత్తి పండించు రైతులు చేలలో లింగాకర్షక బుట్టలను కట్టుదురు. అందలి చిన్న రబ్బరుబిళ్లకు గులాబీరంగు పురుగు ఫెరోమోనును పట్టించియుందురు. మగపురుగులు ఆడుపురుగే యున్నదని భ్రమించి వచ్చి చిక్కుకొనును. వాని లెక్కనుబట్టి చేనిలో తెగులు ఎంత యున్నదో, మందు ఎప్పుడు చల్లవలెనో రైతు తెలిసికొనును. మందు అనవసరముగ చల్లకుండుటవలన రైతునకు ధనము మిగులును. తేనెటీగలవంటి మేలుచేయు కీటకములు బ్రతుకును. ఈ బుట్టకు మూలము ఫాబరు బల్లమీది గాజుబుడ్డియందే కలదు.

పేదఱికము ఫాబరును వెంటాడెను, లోకము నిందించెను, వ్యాపారము వమ్మయ్యెను, ప్రియకుమారుడు దూరమయ్యెను. ఆయన పురుగులను ప్రశ్నించుట మానలేదు. ఒక కాయ దొరకుటకు మూడేండ్లు వేచియుండుటకును, తెలియనిదానిని తెలియదనుటకును ఆయన వెనుదీయలేదు. ఖాళీమూతచుట్టు తిరుగు పురుగులను చూచి ఆయన వేసిన ప్రశ్న తరువాతివారి చేతిలో ఒక శాస్త్రముగ పెరిగెను.